నాలుగు కిలోల మంచు

మంచు మస్తాన్ భాయ్ దుకాణంల దొరికింది,
వారాసిగూడ మూల మీద, పరుపులు కుట్టే కాడ.
నాలుగు కిలోల దూది తూకమేసి ఇచ్చిండు.
చీటీ మీద రాసిండు: నాటకమైనంక వాపసు.
తడవొద్దు, తొక్కొద్దు, రంగు పడొద్దు.
మంచన్నంక తొక్కకుంట ఎట్ల భాయ్ అంటే
మెల్లగ తొక్కుండ్రి అన్నడు.

నేను ప్రాంప్టర్‌ని.
ఇరవై రెండేండ్ల సంది ఎడమ తెర ఎన్క స్టూలు నాది.
ఒక కాలు కురుచ,
దాని కింద పాత రైల్వే టైంటేబులు మడిచి పెట్టిన.
ఏ డిసెంబర్ల నా మొఖం ఎవ్వరూ చూడలే.
గొంతు మాత్రం ముందు వరుసోళ్లకు ఎరుకే.

ఈసారి కథ: ఎక్కడో ఒక చిన్న ఊరు.
ఒకటే పోలీస్ స్టేషను, రెండు చర్చిలు,
రెండింటి నడుమ మాటల్లేవు.
పండుగ ముందటి రాత్రి గోడ దుంకుతున్న క్రిస్మస్ తాతను
దొంగనుకోని ఎస్సై లోపలేస్తడు.
జామీను ఇయ్యనీకి ముగ్గురు జ్ఞానులు రావాలె,
తూర్పు నుంచి, ఆఖరి బస్సుల.

తాత వేషం యాదయ్యది.
షుగరొచ్చి చిక్కిపోయిండు, కడుపుకు రెండు దిండ్లు కట్టినం.
ఎస్సై మా ఖలీలు.
మెట్టుగూడల పోయిన తాళంచెవులన్నిటికీ మారుచెవులు చేసేటోడు,
స్టేజి మీద లాకప్పుకు తాళమేసినప్పుడల్ల
వాని చెయ్యి జర తడబడతది.

మా హాలు ఎన్కనే పట్టాలు.
గూడ్సు పోతుంటే ఎక్కడోళ్లు అక్కడ ఆగాలె, అది మా రివాజు.
లాఠీ లేపిన ఖలీలు లేపినట్టే,
దండం పెట్టిన తాత పెట్టినట్టే,
నలభై రెండు డబ్బాలు.
జనం గూడ నవ్వు సగంల ఆపి
గార్డు డబ్బా దాటినంక మిగిలింది నవ్వుతరు.

రెండో అంకంల జ్ఞానులు ఇద్దరే వచ్చిండ్రు.
మూడో జ్ఞాని సుందర్‌పాలు వర్క్‌షాపుల డబల్ డ్యూటీ,
ఫోను ఎత్తుతలేడు.
మూడో మనిషేడి? అన్నడు ఎస్సై.
మళ్లన్నడు.
మూడోసారి నా దిక్కు జూసి అన్నడు.
నా కాయితంల దానికి జవాబు లేదు.

అప్పుడొచ్చిండు ఛాయ్ పిలగాడు బిట్టు,
గ్రీన్‌రూమనుకోని తెర దాటి సీదా వెలుతుర్లకు.
ఒక చేతిల కేట్లీ, ఒక చేతిల గ్లాసుల స్టాండు,
చలికి నెత్తికి మఫ్లరు, కిరీటం లెక్క.
జనాన్ని జూసి కాళ్లు దూదిల దిగబడ్డయి.

ఏం తెచ్చినవ్‌రా? అన్నడు ఖలీలు.
అది నాటకంల ఉన్న మాటే.
ఒకలు బంగారం తెచ్చిండ్రు, ఒకలు సాంబ్రాణి తెచ్చిండ్రు.
బోళం, అని అందించిన నేను.
బోళం, బోళం.
పిలగాడు నా దిక్కు మల్లి గట్టిగ
"పన్నెండు ఛాయ్, ఒకటి చక్కెర లేనిది" అన్నడు.

హాలంత అటే తిరిగింది.
ఇరవై రెండేండ్లల మొదటిసారి నన్ను చూసిండ్రు:
ముక్కు కొసకు కళ్లద్దాలు,
నోరింకా బోళం ఆకారంలనే.

చువ్వల నడుమ నుంచి చెయ్యి చాపి
"చక్కెర లేనిది నాది" అన్నడు తాత.
దిండు జారి మోకాళ్ల మీదికొచ్చింది.
గూడ్సొచ్చింది.
ఎవ్వరూ ఆగలే.

తెల్లారి దూది మూడు కిలోల ఎనిమిదొందలే తూగింది.
రెండొందలు కరిగిందా? అన్నడు మస్తాన్ భాయ్.
పిల్లలు జేబులల్ల నింపుకోని పోయిన సంగతి చెప్పలే.
పైసలు కట్టిచ్చుకున్నడు.
అండ్లకెళ్లి ఒక తగరం చుక్క ఏరి నాకిచ్చిండు.

ఛాయ్ కొట్టు కాడ బిట్టు అడిగిండు,
రాత్రి ఏదో చెప్తుంటివి గదా సార్, ఏందది?
బోళం. చెట్టు బంక.
ఎట్లుంటది?
చేదట.
గ్లాసు తుడుస్త జర ఆలోచించిండు.
"గది తేకుంటనే మంచిగైంది" అన్నడు,
పన్నెండు ఛాయ్‌లకు బాకీ అడిగిండు.